పాత దారి ఎప్పుడు మూశారు? ఉపాధి హామీ సాఫ్ట్‌వేర్ మార్పుల్లో కూలీల పేర్లు ఎలా పోతున్నాయి

తిరువూరు నుంచి ఆటో ఎక్కితే కాసేపట్లో ఖమ్మం జిల్లా వచ్చేస్తుంది. అటు పొలాల్లోకి ఇటు వాళ్లు, ఇటు మామిడి తోటల్లోకి అటు వాళ్లు కూలికి పోతుంటారు. చుట్టరికాలకు ఆ గీత అడ్డం కాదు. అయినా జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం మాత్రం ఆ గీత దగ్గర రెండేళ్లు ఆగింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించారు. తొలి విడతకు ఎంపికైన 200 జిల్లాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌వి 13. వాటిలో ఖమ్మం ఉంది, కృష్ణా లేదు. తిరువూరు వాడల్లోకి ఉపాధి పని 2008 ఏప్రిల్‌లో, మూడో విడతలో వచ్చింది.

రెండేళ్లు పని లేకుండా పోయిందన్న కోపం న్యాయమైనదే. కానీ ఇంత పెద్ద వ్యవస్థను ఒకేసారి అన్ని జిల్లాల మీదా రుద్దకుండా, కొన్నిచోట్ల నడిపి, తప్పులు చూసుకుని తర్వాతి జిల్లాలకు వెళ్లడం ఆ రోజుల్లో జరిగిన మంచి పనుల్లో ఒకటి. ఆ తర్వాతి పదిహేనేళ్లలో ప్రభుత్వం ఈ ఓపికను ఎలా పోగొట్టుకుందో, దానికి ధర ఎవరు కట్టారో చూడాలి. ఇప్పుడే ఎందుకంటే, 2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో ‘వికసిత్ భారత్ – గ్యారంటీ ఫర్ రోజ్‌గార్ అండ్ ఆజీవికా మిషన్ (గ్రామీణ్)’ చట్టాన్ని తెచ్చింది. పేరు మారింది, 100 రోజులు 125 అన్నారు, ఖర్చులో 40 శాతం రాష్ట్రాల నెత్తిన పెట్టారు. వీటి మీద చర్చ బాగానే జరిగింది. దాని లోపల ఉన్న మరో సంగతి పెద్దగా చర్చకు రాలేదు: బయోమెట్రిక్ గుర్తింపు, జీపీఎస్ పర్యవేక్షణ, అక్రమాలు పట్టుకోవడానికి కృత్రిమ మేధ, పాత జాబ్ కార్డుల స్థానంలో కొత్త కార్డులు. అంటే కోట్లాది పేర్లు ఒక వ్యవస్థలోంచి మరో వ్యవస్థలోకి మరోసారి మారబోతున్నాయి.

రికార్డే పనిగా ఉన్న రోజులు

ఉపాధి హామీని మనం చెరువు పూడికగా, పలుగూ పారగా చూస్తాం. లోపలి నుంచి చూస్తే అది దేశంలోని అతి పెద్ద కంప్యూటర్ వ్యవస్థల్లో ఒకటి. ఒక్కో కూలీ, ఒక్కో రోజు, ఒక్కో మస్టర్, ఒక్కో చెల్లింపు అందులో విడివిడిగా నమోదు కావాలి.

చాలా రాష్ట్రాలు కేంద్ర సంస్థ ఎన్‌ఐసీ తయారుచేసిన నరేగాసాఫ్ట్‌ను వాడుకున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాత్రం టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ చేత సొంత సాఫ్ట్‌వేర్ రాయించుకుంది. రెండింటి తేడా కార్యకర్తలకు తెలియాలి. మిగతాచోట్ల ముందు కాగితం మీద పని జరిగేది, తర్వాత ఎవరో కంప్యూటర్లో ఎక్కించేవారు. ఇక్కడ అంచనా ఆ సాఫ్ట్‌వేర్‌లో తయారై, పనికి నంబరు పడితేనే పని మొదలయ్యేది. మస్టరు దాన్నుంచే వచ్చేది, కొలతలు అందులోకే వెళ్లేవి, పే ఆర్డరు అందులోంచే పుట్టేది. రికార్డు అనేది పని అయ్యాక రాసే కథ కాదు, పని జరిగే తీరే రికార్డు. ఎక్కడ ఎన్ని రోజులు ఆగిందో ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడగలిగేవారు.

ఇందులో మోసం లేదని కాదు. లేని గుంతకు కొలతలు రాస్తే సాఫ్ట్‌వేర్‌కేం తెలుస్తుంది? అందుకే రాష్ట్రం సామాజిక తనిఖీని ఈ వ్యవస్థకు కట్టింది, 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీనే పెట్టింది. తనిఖీ బృందాలు కంప్యూటర్ రికార్డులు చేతబట్టుకుని ఇంటింటికీ తిరిగి, నువ్వు ఈ పది రోజులు పని చేశావా, ఈ డబ్బు నీకు ముట్టిందా అని అడిగేవి. ఆ తర్వాత మండలంలో బహిరంగ విచారణ. వాడలో చదువుకున్న పిల్లలు చాలామంది ఆ బృందాల్లో పనిచేశారు. పటేలు ముందు, సర్పంచి ముందు కాగితం పట్టుకుని నిలబడి లెక్క అడగడం వాళ్లకూ, వినేవాళ్లకూ కొత్త. యంత్రం చెప్పింది నిజమో కాదో మనిషిని అడిగి తేల్చుకునే ఏర్పాటు అది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

అదే కాలంలో రాష్ట్రం కూలి డబ్బులకు వేలిముద్ర స్మార్ట్‌కార్డులు కూడా తెచ్చింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 8 జిల్లాల్లో దాన్ని పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. కూలి త్వరగా అందింది, డబ్బు కోసం తిరిగే సమయం తగ్గింది, మధ్యలో కారిపోయేది తగ్గింది. టెక్నాలజీని మెచ్చుకునేవాళ్లందరూ ఈ అధ్యయనాన్ని చూపిస్తారు. ఒక వివరం మాత్రం చెప్పరు. రెండేళ్లయినా సగం చెల్లింపులే కొత్త పద్ధతిలోకి మారాయి. కార్డు రానివాళ్లకు, వేలిముద్ర పడనివాళ్లకు పాత పద్ధతిలో డబ్బు ఇవ్వడం ఆగలేదు. కొత్త దారి పనిచేస్తోందని తేలేదాకా పాత దారి తెరిచే ఉంది. తర్వాత ఇదే ఆర్థికవేత్తలు జార్ఖండ్ రేషన్ మీద చేసిన అధ్యయనంలో కథ తిరగబడింది. అక్కడ ఆధార్ తప్పనిసరి చేసి పాత దారి మూసేశారు. లీకేజీ కొంత తగ్గింది గానీ, ఆధార్ జతపడని అసలైన లబ్ధిదారుల రేషనూ దాంతో పాటే పోయింది.

నా దృష్టిలో పెద్ద టెక్నాలజీ ప్రాజెక్టు నడపడంలో అసలు నిర్ణయం ఏ కంపెనీ, ఏ సర్వరు అన్నది కాదు. పాత దారి ఏ రోజు మూయాలి, ఎవరిని అడిగి మూయాలి అన్నది.

మూడేళ్లలో నాలుగు మార్పులు

2021 మార్చిలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ రాష్ట్రాలకు ఒక సూచన పంపింది. కొత్త ఆర్థిక సంవత్సరం నుంచి కూలి చెల్లింపులను ఎస్సీలు, ఎస్టీలు, ఇతరులు అని మూడుగా విడదీయాలని. ఎస్సీ, ఎస్టీల కోసం కేటాయించిన నిధుల లెక్క స్పష్టంగా కనిపించడానికట. ఢిల్లీలో బడ్జెట్ పద్దు కోసం చేసిన ఈ ఏర్పాటు పని దగ్గరికి వచ్చేసరికి ఏమైంది? ఒకే చెరువులో ఒకే గుంత తవ్విన వాళ్లకు, ఒకే మస్టర్‌లో సంతకం పెట్టిన వాళ్లకు, వేర్వేరు రోజుల్లో డబ్బులు పడ్డాయి. లిబ్‌టెక్ ఇండియా పరిశోధకులు చెల్లింపుల రికార్డులు తీసి చూస్తే కులాన్ని బట్టి ఆలస్యం మారుతోందని, ఎస్సీల కంటే ఇతరులకు ఎక్కువ ఆలస్యమవుతోందని తేలింది. వాళ్లకు ముందు వేశారు, మాకు వెయ్యలేదు అనే మాట ఊళ్లలో ఎంత తేలిగ్గా అంటుకుంటుందో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. ఆ కోపం ఢిల్లీలో లెక్కల కాలమ్ గీసిన అధికారి మీదకు పోదు, వాడ మీదకే వస్తుంది. విమర్శలు వచ్చాక ఆ ఏడాది చివర్లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఒక చిన్న గ్రామంలో రెండు వారాలు నడిపి చూసినా తెలిసిపోయే తప్పు అది.

అది సద్దుమణిగే లోపే రెండో మార్పు. 2021, 2022ల మధ్య ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ సొంత సాఫ్ట్‌వేర్ వదిలి ఎన్‌ఐసీ నరేగాసాఫ్ట్‌లోకి మారాయి. దేశమంతటికీ ఒకే వ్యవస్థ ఉండాలన్న వాదనలో కొంత న్యాయం ఉంది. ఇబ్బంది మార్పు జరిగిన తీరులో ఉంది. సాఫ్ట్‌వేర్ మారడమంటే ఇల్లు మారడం లాంటిది, ఏ గోనెసంచిలో ఏం పెట్టామో గుర్తుండదు. రెండు వ్యవస్థల్లో ఒకే మనిషి పేరు వేర్వేరుగా ఉంటుంది. ఒకచోట ఇంటిపేరు ముందు, మరోచోట వెనక. ఒకచోట పెళ్లికి ముందు పేరు, మరోచోట తర్వాతి పేరు. పదిహేనేళ్లుగా ఒక స్క్రీన్‌కు అలవాటుపడిన మండల కంప్యూటర్ ఆపరేటర్, టెక్నికల్ అసిస్టెంటు, ఫీల్డ్ అసిస్టెంటు కొత్తది నేర్చుకుంటుండగానే వేసవి పనుల రద్దీ వచ్చిపడుతుంది.

మూడోది ఎన్‌ఎంఎంఎస్ యాప్. 2021 మేలో తెచ్చారు, 2022 మే 16 నుంచి 20 మందికి పైబడిన పనులకు, 2023 జనవరి 1 నుంచి అన్ని పనులకూ తప్పనిసరి చేశారు. మేట్ ఫోన్‌తో రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీయాలి, అది సమయం, స్థలం గుర్తులతో ఎక్కాలి. తిరువూరు వైపు ఒక ఊరి చెరువు దగ్గర ఒక మే నెలలో నేను చూసింది చెప్తాను. పొద్దున్నే ఆరుకల్లా దిగి, ఎండ ముదరక ముందే తట్టలు మోసేసి, పదింటికి ఇంటికి పోవాల్సిన ఆడవాళ్లు రెండో ఫొటో కోసం తుమ్మచెట్టు కింద కూర్చున్నారు. మేట్‌గా ఉన్న పిల్ల ఫోన్ పైకెత్తి కట్ట మీద అటూ ఇటూ తిరుగుతోంది. మా పని కొలతకు గదా కూలి, ఇప్పుడు ఈ ఫొటో దేనికి పిల్లా అని ఒక పెద్దామె అడిగింది. ఆ పిల్ల దగ్గర సమాధానం లేదు. నిజానికి ఆ ప్రశ్నకు ఢిల్లీలోనూ సమాధానం ఉందనుకోను. పని పరిమాణాన్ని బట్టి కూలి లెక్కగట్టే చోట హాజరు ఫొటో అదనంగా నిరూపించేది చాలా తక్కువ.

2025 జూలైలో ఆ శాఖే ఒక ఉత్తర్వులో యాప్ దుర్వినియోగాన్ని ఒప్పుకుంది. పనికి సంబంధం లేని ఫొటోలు, ఫొటోను మళ్లీ ఫొటో తీసి ఎక్కించడం, ఒకే ఫొటో పలు మస్టర్లకు వాడటం. పరిష్కారంగా పంచాయతీ స్థాయిలో ఫొటోలన్నిటినీ మనుషులే చూసి సరిపోల్చాలన్నారు. మనుషుల పర్యవేక్షణ అక్కర్లేకుండా చేస్తామని తెచ్చిన యంత్రాన్ని ఇప్పుడు మనుషులు పర్యవేక్షించాలి. దొంగ మస్టరు వేసేవాడు దారి వెతుక్కున్నాడు, నిజంగా పని చేసిన మనిషి ఎండలో కూర్చుంది.

నాలుగోది ఆధార్ ఆధారిత చెల్లింపు. ఇది కొంచెం నిదానంగా అర్థం చేసుకోవాలి. ఇంతకుముందు కూలి డబ్బు మనం ఇచ్చిన బ్యాంకు ఖాతా నంబరుకు వెళ్లేది. కొత్త పద్ధతిలో ఆధార్ నంబరుకు వెళ్తుంది. ఆ ఆధార్ ఏ బ్యాంకుకు జతపడి ఉందో ఎన్‌పీసీఐ అనే సంస్థ దగ్గరి పట్టిక చెబుతుంది. కాబట్టి మూడు కుదరాలి. జాబ్ కార్డులో ఆధార్ ఎక్కి, పేరు సరిపోలాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ జతకావాలి. ఎన్‌పీసీఐ పట్టికలో ఆ బ్యాంకు పేరు ఉండాలి. ఒక్కచోట తేడా వచ్చినా డబ్బు ఆగుతుంది. పట్టికలో చివరిగా జతచేసిన ఖాతా పేరే ఉంటుంది కాబట్టి, ఎప్పుడో ఎవరో జీరో బ్యాలెన్స్ ఖాతా తెరిపించి వేలిముద్ర వేయించుకుంటే కూలి దాంట్లోకి పోతుంది. ఆమె మాత్రం తన పాత పాసుపుస్తకం పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరుగుతుంది. డబ్బు పడిందని కంప్యూటర్ అంటుంది, పడలేదని ఆమె అంటుంది, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. 2023 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి అన్న ఈ పద్ధతికి గడువు పొడిగిస్తూ పోయి, 2024 జనవరి 1న పాత దారి మూసేశారు.

గడువు పొడిగించిన ప్రతిసారీ కింది ఆఫీసులకు వెళ్లిన ఆదేశం ఒకటే, ఎంత శాతం పూర్తయింది? శాతం పెంచడానికి రెండు మార్గాలున్నాయి. జతకాని వాళ్లను జతచేయడం ఒకటి, దానికి తిరగాలి, బ్యాంకును కదిలించాలి, పేరు సరిచేయించాలి. జతకాని పేరు జాబితాలోంచి తీసేయడం రెండోది, అది మౌస్ క్లిక్‌తో అయిపోతుంది. 2023 జూలైలో లోక్‌సభకు ఇచ్చిన సమాధానం ప్రకారం 2022-23లో దేశవ్యాప్తంగా 5 కోట్లకు పైగా కూలీల పేర్లు తొలగాయి. ఆంధ్రప్రదేశ్‌లో అంతకుముందు ఏడాది సుమారు 6 లక్షలున్న తొలగింపులు 78 లక్షలు దాటాయి. తెలంగాణలో సుమారు 61 వేల నుంచి 17 లక్షలకు పెరిగాయి. నకిలీ కార్డులు, చనిపోయినవాళ్లు, ఊరు వదిలినవాళ్లు, పనికి ఇష్టపడనివాళ్లు అని ప్రభుత్వం కారణాలు చెప్పింది, ఆధార్‌తో సంబంధం లేదంది. నకిలీలు ఉండవని నేను అనను. కానీ ఒక్క ఏడాదిలో అన్ని లక్షలమందికి పని మీద ఇష్టం పోయిందంటే నమ్మేదెలా? 2025 అక్టోబరు – నవంబరుల్లో ముఖం గుర్తించే ఈ-కేవైసీ నడుస్తుండగా నెల రోజుల్లో దేశంలో దాదాపు 27 లక్షల పేర్లు పోతే, అందులో 15 లక్షలకు పైగా మన రాష్ట్రానివేనని లిబ్‌టెక్ ఇండియా లెక్కతేల్చింది. ఈ-కేవైసీలో ముందున్న రాష్ట్రమే తొలగింపుల్లోనూ ముందుంది.

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల గురించి అమెరికాలో ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లోనే రాశాడు. ఆలస్యమైన ప్రాజెక్టులోకి ఇంకా మనుషుల్ని దింపితే ఇంకా ఆలస్యమవుతుందని ఆయన అనుభవం. మన దగ్గర జరిగింది ఇంకోరకం. కుదురుకోని వ్యవస్థ మీద ఇంకో వ్యవస్థను దింపడం. నాలుగు మార్పులు ఒకదాని మీద ఒకటి పడితే కూలి ఏ మార్పు వల్ల ఆగిందో కనిపెట్టడం అసాధ్యం. కనిపెట్టలేని తప్పుకు బాధ్యులూ ఉండరు.

‘సిస్టంలో అలా ఉంది’

బ్రిటన్‌లో పోస్టాఫీసు తన శాఖలన్నిటికీ ఫుజిత్సు కంపెనీ తయారుచేసిన హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌ను 1999 నుంచి పెట్టింది. దానిలో లోపాల వల్ల చిన్న పోస్టాఫీసులు నడిపేవాళ్ల ఖాతాల్లో లేని తేడాలు కనిపించాయి. డబ్బు కాజేశారని కేసులు పెట్టారు, 900 మందికి పైగా దోషులయ్యారు, కొందరు జైలుకు వెళ్లారు. ఇళ్లు అమ్మి ఆ తేడాలు కట్టినవాళ్లూ ఉన్నారు. ఫిర్యాదు చేసిన ప్రతి ఒక్కరికీ నీ ఒక్కడికే ఈ సమస్య అని చెప్పారట. చివరికి 2024లో వాళ్ల శిక్షలు రద్దు చేయడానికి పార్లమెంటు ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. అక్కడ కోర్టులు కూడా కంప్యూటర్ సరిగ్గానే పనిచేస్తుందని ముందే నమ్మేశాయి. తప్పు చేసిందని నిరూపించే భారం మనిషి మీదే పడింది.

వాళ్లు ఎంతో కొంత చదువుకున్నవాళ్లు, దుకాణాలున్నవాళ్లు. వాళ్లకే ఇరవై ఏళ్లు పట్టింది. మన వాడలో మనిషి మండల ఆఫీసుకు పోతే వినే మాట, సిస్టంలో అలా చూపిస్తోందమ్మా. ఆ మాటతో సంభాషణ అయిపోతుంది. దేశంలో ఉపాధి పనిదినాల్లో దాదాపు ఐదో వంతు ఎస్సీలవి. భూమి లేనివాళ్లకు, ఎండాకాలం రైతు పొలంలో పని దొరకనివాళ్లకు, దొరికినా ఆ రైతు చెప్పిన కూలికే పోనక్కర్లేదు అనే కాస్త ధైర్యం ఉపాధి పని ఇచ్చింది. జాబ్ కార్డు పోతే పోయేది రోజుకు మూడొందలే కాదు, ఆ ధైర్యం కూడా.

ఆలస్యానికి పరిహారం ఉందంటారు. మస్టరు ముగిసిన పదిహేను రోజుల్లో కూలి అందాలి, పదహారో రోజు నుంచి రోజుకు 0.05 శాతం. 300 రూపాయల కూలికి అది రోజుకు 15 పైసలు. పైగా సాఫ్ట్‌వేర్ ఈ పరిహారాన్ని రాష్ట్రం చేతిలో ఉన్న మెట్టు వరకే లెక్కిస్తుంది. చెల్లింపు ఆర్డరు కేంద్రానికి చేరాక ఎన్ని వారాలు ఆగినా లెక్కలోకి రాదు. 2018లో సుప్రీంకోర్టు స్వరాజ్ అభియాన్ కేసులో పూర్తి ఆలస్యానికీ పరిహారం ఇవ్వాల్సిందేనని చెప్పింది. ఎవరి తప్పును లెక్కించాలో, ఎవరి తప్పును వదిలేయాలో కూడా ఒక ప్రోగ్రామర్ రాసిన సూత్రంలోనే ఉంటుంది, దాన్ని రాయించిన అధికారి పేరు ఎక్కడా ఉండదు.

కొత్త మార్పుకు ముందు అడగాల్సినవి

కొత్త కార్డుల జాబితా ఎక్కడి నుంచి వస్తుంది? ఇప్పుడు మిగిలిన పేర్ల నుంచే తీస్తే, 2022-23లో పోయినవాళ్లు శాశ్వతంగా బయటే ఉండిపోతారు. కాబట్టి ముందు పాత తొలగింపుల జాబితా పంచాయతీలవారీగా తీయించాలి. ఉపాధి వెబ్‌సైట్లో ప్రతి జాబ్ కార్డు పేజీ ఎవరైనా తెరిచి చూడొచ్చు. తొలగించిన కార్డుకు తేదీ, కారణం రాసి ఉంటాయి. ‘పనికి ఇష్టపడలేదు’ అని రాసి ఉన్న ప్రతి పేరు దగ్గరికీ వెళ్లి, నిజంగా నువ్వు అలా అన్నావా అని అడగడం ఇద్దరు విద్యార్థులు ఒక ఆదివారం చేయగల పని. పేరు తీసేసే ముందు విచారించాలనీ, గ్రామసభ ముందు పెట్టాలనీ పాత నిబంధనలే చెబుతున్నాయి. ఆ గ్రామసభ తీర్మానం చూపించమని సమాచార హక్కు కింద అడగొచ్చు. చాలాచోట్ల అలాంటి కాగితం దొరకదని నా అనుమానం, దొరకదన్న జవాబే మనకు ఆధారం.

పని కావాలని అడిగినప్పుడు తేదీ వేసిన రశీదు పట్టుబట్టి తీసుకోవాలి. రశీదు లేకపోతే నువ్వు అడగనే లేదని సిస్టం అంటుంది.

ఇక రాష్ట్రం రాయబోయే పథకంలో ఏం ఉండాలన్నది సంఘాలు ఇప్పుడే మాట్లాడాలి. ముఖం పడకపోతే, వేలు పడకపోతే అక్కడికక్కడే కాగితం మస్టరు చెల్లుబాటు కావాలి. కొత్త పద్ధతిని ఒక వేసవి అంతా కొన్ని మండలాల్లో పాతదాంతో పాటు నడిపి, సామాజిక తనిఖీ బృందం ఇంటింటికీ వెళ్లి చూశాకే పాతది ఆపాలి. కృత్రిమ మేధ ఎవరినైనా అనుమానిస్తే, తీసేసే ముందు ఆ మనిషిని పిలిచి వినాలి. ఇవేవీ ఖరీదైన కోరికలు కావు. 2006లో ఈ రాష్ట్రమే ఇంచుమించు ఇలా చేసింది.

ఆ చెరువు దగ్గర ఫొటో గురించి అడిగిన పెద్దామె ఆ సాయంత్రం వాడలో తన జాబ్ కార్డు తెచ్చి చూపించింది. ప్లాస్టిక్ కవర్లో, అంచులు నలిగి. మొదటి పేజీల్లో పెన్నుతో నింపిన గళ్లు, తర్వాతివన్నీ ఖాళీ. నా ఫోన్లో నంబరు కొట్టి చూస్తే ఆ కార్డులో ఆమె పేరుంది, భర్త పేరుంది. కోడలి పేరు పక్కన తొలగించినట్టు ఉంది, కారణం పనికి ఇష్టపడలేదని. కోడలు అప్పుడే నీళ్ల బిందెతో లోపలికి వచ్చింది. ఆ మధ్యాహ్నం దాకా చెరువులో తట్ట మోసింది ఆమే, అత్త పేరు మీద.